గొడుగుల నీడలో పాడిన తండ్రి: షిమురా తకాషి

కృష్ణానది దక్షిణ తీరాన, తాడేపల్లి పరిసరాలలో నివసించే మనకు జపాను దేశం బొత్తిగా కొత్తది కాదు. ఉండవల్లి గుహలు దాటి నది వెంబడి ఎగువకు సాగిపోతే అమరావతి వస్తుంది. ఈ నేలమీద వర్ధిల్లిన బౌద్ధధర్మంతో ముడిపడిన ఆచార్య నాగార్జునుని నామం చీనా మీదుగా పయనించి, ఎన్నో శతాబ్దాల పూర్వమే జపాను చేరింది. అక్కడి బౌద్ధులు ఆయనను రియూజు అని పిలుచుకొని తమ గురుపరంపరలో నిలుపుకొన్నారు. కాని ఆ దేశం పేరు చెప్పగానే మన పెద్దలకు మొదట జ్ఞాపకం వచ్చేది వేరొకటి. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్టణంపైన, కాకినాడపైన బాంబులు వేసినవి. ఇక్కడినుండి వెళ్ళినది ఒక ఆచార్యుని పేరు. అక్కడినుండి వచ్చినది బాంబు.

ఆ బాంబులు పడడానికి రెండేండ్ల నాలుగు నెలల ముందు, 1939 డిసెంబరులో, ఆ దేశంలోనే ఒక పాటల చిత్రం విడుదలయింది. దాని పేరు "ఒషిదొరి ఉతాగస్సెన్". గంటా పది నిమిషాలకు లోపే ముగిసిపోయే చిన్న చిత్రం. యుద్ధంలో మునిగివున్న దేశం ఇంత తేటగా, ఇంత హాయిగా పాడగలిగిందా అని చూచినవారికి ఆశ్చర్యం కలుగుతుంది. అందులో గొడుగులు చేసుకొని బ్రతికే ఒక పేద తండ్రి వున్నాడు. ఆ పాత్రధారి షిమురా తకాషి. జపాను భాష తెలియని మనవంటివారు ఆ చిత్రాన్ని చూడాలంటే, పాటల అర్థం కన్న ముందు ఆ నటుని జీవితం తెలిసికొనడం మేలు. జపానీయులు ఇంటిపేరును ముందు చెప్పి, తరువాత తమ పేరు చెబుతారు. మన ఆచారం కూడ అదే గనుక ఇక్కడ వారి పేర్లను వారి పద్ధతిలోనే వ్రాస్తున్నాము.

షిమురా 1905 మార్చి 12వ తేదీన హ్యోగో మండలంలోని ఇకునో అనే ఊరిలో జన్మించారు. అది వెండి గనులకు పేరుపొందిన ఊరు. తండ్రి ఆ గనుల కంపెనీలో ఉద్యోగి. పెద్దలు పెట్టిన పేరు షిమజకి షోజి. షిమురా తకాషి అనేది తరువాత వచ్చిన నటనామం. వారిది సమురాయిల వంశం. తాతగారు 1868లో తొబా-ఫుషిమి వద్ద జరిగిన యుద్ధంలో పాల్గొన్న యోధుడు. ఆ యుద్ధంతోనే జపానులో పాత ప్రభువుల పాలన అంతరించడం ఆరంభమై, కత్తిని నమ్ముకొన్న కులాలకు జీవనాధారం తప్పిపోయింది. ఆ యోధుని మనుమడు పెరిగి పెద్దవాడై తెరమీద కొలువు పోయిన సమురాయి వేషాలు కట్టడం కాలం చేసిన చిత్రమైన పని.

1923లో ఆయన ఒసాకాలోని కన్సాయి విశ్వవిద్యాలయంలో చేరారు. రెండేండ్లకు తండ్రి ఉద్యోగ విరమణ చేయడంతో చదువుకు డబ్బు కట్టే స్తోమతు ఇంటికి లేకపోయింది. అందుచేత పగలు ఒసాకా పురపాలక సంఘంవారి నీటి సరఫరా శాఖలో కొలువు చేస్తూ, సాయంకాలపు తరగతులలో ఆంగ్ల సాహిత్యం చదువుకొన్నారు. అక్కడి అధ్యాపకులలో నాటకకర్తలు, షేక్స్పియరు పండితులు వుండేవారు. ఒక గురువు అంటించిన నాటకాల పిచ్చి శిష్యునికి జీవితాంతం వదలలేదు. 1928లో మిత్రులతో కలసి "షిచిగత్సు-జా" అనే ఔత్సాహిక నాటక సమాజం నెలకొల్పారు. రిహార్సళ్ళ కోసం ఆఫీసు ఎగగొట్టడం పరిపాటి కాగా, చివరకు ఉద్యోగం ఊడింది. చదువూ ఆగింది. సమాజం ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చి, అప్పులపాలై మూతబడింది.

తెనాలిలోనో, బందరులోనో, బెజవాడలోనో నాటక సమాజాల చరిత్ర ఎరిగినవారికి ఈ కథ కొత్తది కాదు. పగలు గుమాస్తాగిరి, రాత్రి కృష్ణవేషం, తెల్లవారితే అప్పులవారు! ఎందరు తెలుగు నటులు ఈ దారిన నడవలేదు? అయితే షిమురా ఆ దారి విడువలేదు. కొంతకాలం రేడియో నాటకాలలో పాల్గొన్నారు. 1930లో వృత్తి నాటక సమాజంలో చేరి స్వదేశంలోను, చీనాలోను పర్యటించారు. ఇంతలో సినిమాకు మాటలు వచ్చినవి. రంగస్థలం మీద గొంతు సాధనచేసినవారికి ఇక తెరమీద చోటు వుంటుందని గ్రహించి, 1932లో క్యోటో నగరంలోని షింకో కినెమా సంస్థలో ప్రవేశించారు.

1932 తెలుగువారికి కూడ మరువరాని సంవత్సరం. మన తొలి టాకీ "భక్త ప్రహ్లాద" ఆ యేడే వచ్చింది. అందులో నటించినవారు సురభి నాటక సమాజంవారు. అటు క్యోటోలోను, ఇటు మనవద్దను సినిమాకు మాట, పాట నేర్పినది రంగస్థలమే. కాని ఒక భేదం వున్నది. మనకు పాట లేని నాటకమే లేదు. పద్యం అందుకొంటే వన్స్‌మోర్ అని కేకలు వేసి, చచ్చిపడిన పాత్రచేత కూడ మళ్ళీ పాడించుకొన్న జాతి మనది. జపానువారి టాకీ అట్లా కాదు. అక్కడ మాటల చిత్రాలే అధికం. మొదటినుండి చివరివరకు పాత్రలు పాడుతూ కథ నడిపే చిత్రం వారికి అరుదైన వస్తువు.

షిమురా మొదటిసారి తెరపై కనిపించినది 1934లో, అది కూడ మూకీ చిత్రంలో. 1936లో ఇతమి మన్సకు దర్శకత్వాన వచ్చిన "అకనిషి కకిత" ఆయనకు మంచి నటుడనే పేరు తెచ్చింది. 1937లో నిక్కత్సు సంస్థవారి క్యోటో స్టూడియోకు మారి, తరువాతి అయిదేండ్లలో ఇంచుమించు నూరు చిత్రాలలో నటించారు. నాయక వేషాలు కావు. పోలీసు బంట్రోతు, వర్తకుడు, ముసలి సమురాయి, పొరుగింటాయన. ఏ వేషం ఇచ్చినా దానికి ఒక ఇల్లు, ఒక ఊరు, ఒక గతం వున్నట్లు తోపింపజేయడం ఆయన విద్య.

అట్టి సమయంలో తటస్థించినదే 1939 నాటి పాటల చిత్రం. దర్శకుడు మకినో మసహిరో. నిర్మాణంలో వున్న మరొక చిత్రం కథానాయకుడు కతవొకా చియెజో అస్వస్థత కారణంగా ఆగిపోగా, ఖాళీగా వున్న స్టూడియోలో ఈ చిత్రాన్ని కొద్దిరోజులలోనే చుట్టివేశారు. నాయకునికి తీరికా, ఓపికా తక్కువ గనుక కథాభారం ఇతరుల మీద పడింది. ఆ విధంగా షిమురాకు పెద్ద వేషం దక్కింది. ఛాయాగ్రాహకుడు మియగవా కజువొ. అప్పటికి ఆయన పేరు లోకానికి తెలియదు. 1950లో "రషోమన్"కు ఛాయాగ్రహణం చేసి ప్రఖ్యాతుడైనది ఆయనే.

కథ చిన్నది. షిమురా క్యోసాయి కొలువు లేని సమురాయి. అట్టివారిని జపానువారు రోనిన్ అంటారు. కూతురు ఒహరుతో కలసి కాగితపు గొడుగులు చేసి అమ్ముకొంటాడు. అతనికి పాతవస్తువుల పిచ్చి. చేతికి వచ్చిన డబ్బంతా పురాతన వస్తువుల పేరిట నకిలీ సరుకుకు తగలేస్తాడు. ఇంట బియ్యం వుండవు. తండ్రీ కూతుళ్ళు వేయించిన బార్లీపిండితో కడుపు నింపుకొంటారు. అది మన పేలపిండికి దగ్గరి చుట్టం. పొరుగున మరొక పేద సమురాయి, అందగాడు; ఒహరుకు అతనిపై మనసు. అతని కోసం ఒక ధనికుని కూతురు, పెద్దలు నిర్ణయించిన మరొక కన్య కూడ పోటీపడుతూ వుంటారు. ఇది చాలనట్లు పాతవస్తువుల మోజుగల ఒక ప్రభువు ఒహరును చూచి, ఆమె తండ్రి అప్పును అడ్డుపెట్టుకొని ఆమెను కోరతాడు.

చివరకు తేలేదేమంటే, క్యోసాయి ముద్దుగా దాచుకొన్నవన్నీ నకిలీలే. పిండి పోసుకొనే పాత జాడీ మాత్రం అసలైనది, వెలలేనిది! తండ్రి ఆనందానికి మేర లేదు. కాని నాయకునికి సొమ్మంటే గిట్టదు, సంపన్నుల అల్లుడు కావడం అంతకన్న గిట్టదు. ఒహరు ఆ జాడీని ఎత్తి పగులగొడుతుంది.

ఇక పరదేశీయులమైన మనం ఈ చిత్రాన్ని ఎట్లా చూస్తాము? పాశ్చాత్య ప్రేక్షకునికి వింతగా తోచేది మనకు వింత కాదు. మాట్లాడుతున్న మనిషి ఉన్నట్లుండి పాట ఎత్తుకోవడం, వీథిలో పోయేవారంతా గొంతు కలపడం మన యింటి అలవాటే. మనకు విడ్డూరమనిపించేది బాణీ. నెత్తిన ముడి, నడుమున కత్తి, చుట్టూ పాతకాలపు వీథి. వినిపించేది మాత్రం అమెరికావారి జాజ్ సంగీతం. మన కృష్ణరాయబారంలో దుర్యోధనుడు శాక్సఫోను బాణీకి పద్యం పాడినట్లు వుంటుంది. ప్రభువు వేషం వేసిన డిక్ మినె ఆ దేశపు జాజ్ గాయకులలో అగ్రగణ్యుడు. పాత్రలకు చాలావరకు నటీనటుల పేర్లనే కొద్దిగా మార్చి పెట్టారు. తండ్రి ఇంటిపేరు షిమురాయే, ప్రభువు పేరు మినెజవ. ఇదంతా మన వేడుక కోసం ఆడుతున్న ఆట సుమా అని చిత్రం మొదటే చెప్పివేస్తుంది.

పేరు దగ్గర కూడ ఒక క్షణం ఆగవలె. ఒషిదొరి అనగా జంట విడువని ఒక జాతి రంగుల బాతులు. జపానులో అవి అన్యోన్య దాంపత్యానికి గుర్తు. ఉతాగస్సెన్ అనగా పాటల పోటీ. పక్షిజంట అనగానే మన కావ్యాలు చదివినవారికి చక్రవాకాలు తలపుకు వస్తవి. కాని మన కవిసమయంలో చక్రవాక మిథునం రేయి పడగానే విడిపోయి తెల్లవారేదాకా విలపిస్తుంది. మన కవులు ప్రేమను విరహంతో కొలిచారు. వారు ఎడబాయని సహవాసంతో కొలిచారు. ఈ ఒక్క భేదం విద్యార్థికి తెలిపితే చిత్రంలో సగం బోధపడుతుంది.

మరొక భేదం ఆ జాడీ. మన కథలలో పేద ఇంట నిధి దొరికితే అది సద్గుణానికి దైవమిచ్చిన ఫలం. దానితో పెండ్లి జరిగి కథ సుఖాంతమవుతుంది. ఇక్కడ నిధి పగిలితేనే పెండ్లి. ఇది మొదట మనకు రుచించదు. అమ్మివేసి, పదిమందికి పెట్టి, సుఖంగా వుండకూడదా అనిపిస్తుంది. కాని క్యోసాయి ముఖం చూడండి. వస్తువుల మీది మోహంతో కూతురి ఆకలిని కూడ గమనించని తండ్రి అతడు. అతనిని ద్వేషించడం సులభం. షిమురా అట్లా కానివ్వలేదు. నకిలీ బొమ్మను ఒళ్ళో పెట్టుకొని ఆయన పాడుతుంటే, పసిబిడ్డను లాలించే తండ్రివలె వుంటారు. ఆ స్వరంలో సాధన వున్నది, హాస్యం వున్నది, ఒక బీదవాని గర్వం కూడ వున్నది. ఆ గానం విని డిక్ మినె ఆయనను గ్రామఫోను గాయకుడు కమ్మని ప్రోత్సహించినట్లు, ఆయన అంగీకరించనట్లు చెబుతారు. అప్పటికి షిమురా వయస్సు ముప్పదినాలుగే. అల్లుడు కాబోయే కతవొకా ఆయన కన్న రెండేండ్లు పెద్ద! అయినా ఎవరు మామ, ఎవరు అల్లుడు అనే సందేహం ప్రేక్షకునికి కలుగదు.

ఇంత ఆహ్లాదకరమైన చిత్రం ఎట్టి కాలంలో వచ్చిందో మరువరాదు. 1937 నుండి జపాను సేనలు చీనాలో ఘోరయుద్ధం సాగిస్తున్నవి. 1939లోనే అక్కడి ప్రభుత్వం సినిమా శాసనం చేసి, చిత్రకథలను ముందుగా పరీక్షించే అధికారం చేతబట్టింది. మరుసటి యేడు విదేశీ వాసనగల నటనామాలను మార్చుకొమ్మని ఉత్తరువు వచ్చింది. డిక్ మినె తన పేరు మార్చుకొనవలసివచ్చింది. క్రమంగా జాజ్ సంగీతం శత్రువుల సంగీతమైపోయింది. షిమురాకు ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. పూర్వం వామపక్ష నాటక సమాజాలతో సంబంధం వున్నదనే కారణాన ఆ రోజులలోనే రహస్య పోలీసులు ఆయనను పట్టుకొని మూడు వారాలపాటు నిర్బంధించారు. భార్య, తోటినటుడొకరు పూచీపడగా విడిచిపెట్టారు. యుద్ధం ముగియడానికి కొద్దిగా ముందు ఆయన అన్నగారు ఆగ్నేయాసియాలో హతులయ్యారు.

కనుక జపాను విమానం, జపాను పాట రెండూ ఒకే దేశంనుండి వచ్చినవే అయినా, రెండూ ఒకే గొంతు కావు. గొడుగుల నీడన పాడిన మనిషిని కూడ ఆ యంత్రమే పట్టి కుదిపింది. అట్లని ఆ చిత్రాన్ని యుద్ధంపై తిరుగుబాటు అని పొగడడం కూడ సరికాదు. అది నవ్వించడానికి తీసిన చిత్రం. ప్రభుత్వం అనుమతించిన చిత్రం. దాని దర్శకుడు, నటులు తరువాత కూడ ఆ ప్రభుత్వం క్రిందనే పనిచేశారు. విశాఖలో బాంబులకు గురియైనవారి దుఃఖాన్ని ఒక మంచి పాట తుడిచివేయలేదు. ఆ దుఃఖం కారణంగా పాటకు చెవులు మూసుకొనడమూ న్యాయం కాదు.

1943లో షిమురా తోహో సంస్థలో చేరారు. ఆ యేడే కురొసవా అకిరా తొలి చిత్రం "సన్షిరో సుగత"లో నటించారు. ఆ పరిచయం ముప్పదియేడేండ్లు నిలిచింది. కురొసవా తీసిన ముప్పది చిత్రాలలో ఇరవైయొక్కింట షిమురా వున్నారు. 1946లో వచ్చిన చిత్రంలో ఆయనకు రహస్య పోలీసు అధికారి వేషం వచ్చింది. తనను నిర్బంధించినవారిని దగ్గరగా చూచిన అనుభవం అక్కడ అక్కరకు వచ్చిందంటారు. "రషోమన్"లో కట్టెలుకొట్టేవాడు, 1954లో వచ్చిన "ఏడుగురు సమురాయిలు"లో నాయకుడు ఆయనే. ఆ చిత్రంలో రైతులను రక్షించడానికి కూలి లేకుండా కత్తిపట్టిన పేద రోనిన్‌ను చూచినప్పుడు, గొడుగులు చేసిన రోనిన్ జ్ఞాపకం రాకమానడు. ఆ సంవత్సరమే "గోజిలా"లో ఉదజని బాంబు లేపిన భూతాన్ని చూచి చింతించే వృద్ధ శాస్త్రవేత్తగా కనిపించారు. హిరోషిమా, నాగసాకి బాధ అనుభవించిన జాతి తన భయానికి ఇచ్చిన రూపం ఆ భూతం.

కాని షిమురా పేరు చిరస్థాయిగా నిలిపినది 1952 నాటి "ఇకిరు". ఇకిరు అనగా జీవించుట. అందులో ఆయన పురపాలక సంఘ కార్యాలయంలో కాగితాలకు ముద్రలు వేస్తూ ముప్పదియేండ్లు గడిపిన ఉద్యోగి. కడుపులో పుట్టకురుపు బయలుదేరి, ఇక కొన్ని నెలలే వ్యవధి అని తెలుస్తుంది. అప్పుడు అతడు కంపుకొట్టే మురుగు గుంటను పూడ్పించి పిల్లలకు ఆటస్థలం చేయించడానికి పూనుకొని, గుమ్మం గుమ్మం తిరిగి సాధిస్తాడు. మంచు కురిసే రాత్రి ఆ ఆటస్థలంలో ఉయ్యాల మీద ఒంటరిగా కూర్చుండి, 1915 నాటి ఒక నాటకపు పాట పాడుకొంటాడు. ఒసాకా నీటి శాఖలో కొలువు పోగొట్టుకొన్న యువకుడు, పాతికేండ్లకు తెరమీద పురపాలక ఉద్యోగికి ప్రాణంపోశాడు. క్యోసాయి పాడినప్పుడు గొంతు నిండుగా వుండేది. ఇక్కడ గొంతు ఆరిపోతున్న దీపంవలె వున్నది. ఒకటి వస్తువుల మోహంలో పాడినది. రెండవది అన్నీ విడిచినవాడు పాడినది. రెండు పాటలూ ఒకదాని వెంట ఒకటి వింటే, నటుడంటే ఏమిటో వేరొకరు చెప్పనక్కరలేదు.

మన తెలుగువారిలోనే ఆయనకు ఒక జోడు వున్నారు. షిమురా కన్న ఒక యేడు ముందు, 1904లో, రేపల్లెలో జన్మించిన చిత్తూరు నాగయ్యగారు. 1939లో జపానులో గొడుగుల తండ్రి పాడిననాడే, ఇక్కడ "వందేమాతరం"లో నాగయ్యగారు నటించి, పాడి, సంగీతం కూర్చారు. తరువాత పోతన, ఏడేండ్లకు త్యాగయ్య అయ్యారు. ఇద్దరూ కండబలంతో గాక కరుణతో తెరను నింపినవారు. నడివయసులోనే పెద్దరికం మోసినవారు. ఒకరి పేరు ఒకరు విన్నారో లేదో గాని, నాగయ్యగారి పాటకు కన్నీరు పెట్టిన తెలుగువానికి షిమురా ముఖం పరాయిది అనిపించదు. నాగయ్యగారు 1973లో గతించారు. షిమురా 1980లో కురొసవా "కగెముష"లో చివరిసారి ఆయన దర్శకత్వాన కనిపించి, 1982 ఫిబ్రవరి 11వ తేదీన ఊపిరితిత్తుల వ్యాధితో తోక్యోలో కన్నుమూశారు.

ఉపాధ్యాయులు ఎప్పుడైన ఈ చిత్రాన్ని విద్యార్థులకు చూపే అవకాశం కలిగితే, మూడు సంగతులు ముందుగా చెప్పడం మంచిది: ఎడబాయని ఆ బాతుల సంగతి, కొలువుపోయిన సమురాయిల సంగతి, 1939వ సంవత్సరం సంగతి. విశాఖ సంగతి కూడ దాచవద్దు. తరువాత చిత్రాన్ని నడవనిచ్చి, ఆరుబయట ఎండబెట్టిన ఆ గొడుగుల నడుమ తండ్రి గొంతెత్తేసరికి మాట్లాడకుండా వుండవలె. జాడీ పగిలిన తరువాత పిల్లలు తప్పక ఒక ప్రశ్న వేస్తారు: ఆ పిల్ల చేసినది సబబేనా అని. దానికి సమాధానం పిల్లలనే వెదకనీయడం ఉచితం.